పలనాటి సున్నము, వాయుద్రవ సంగమము



రసాయన పరిశ్రమలలో వాయువును ద్రవమును ఒకదానితో నొకటి కలిపి, వాని మధ్య రసాయన చర్య జరిగించు సాధనములను గూర్చి నేడు ప్రసంగింప దలచినాను. శాస్త్రజ్ఞులు వీనిని వాయుద్రవ సంపర్క రియాక్టర్లందురు. ఈ పేరు చెవిని బడగానే, ఇది ఎక్కడో విశాఖపట్టణపు ఎరువుల కర్మాగారములకో చమురు శుద్ధి కేంద్రములకో చెందిన విద్యయనియు, ప్రత్తి మిరప పండించు పలనాటి రైతునకుగాని, దాచేపల్లి చుట్టుపట్ల సున్నపు బట్టీ నడుపుకొను గృహస్థునకుగాని దీనితో పనిలేదనియు తోచవచ్చును. అట్లు తోచుట సహజమే. కాని, ఈ శాస్త్రమును విద్యార్థులకు బోధించునప్పుడు ఆచార్యులు తరచుగా ఏ చర్యను ఉదాహరణముగా గైకొందురో, ఆ చర్యకు కావలసిన రెండు పదార్థములును దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ల ప్రాంతముల బట్టీలలో ప్రతిదినమును పుట్టుచున్నవి. అందొకటి బస్తాలకెక్కి లారీలలో దేశాంతరములకు పోవుచున్నది. రెండవది పొగతో గూడి ఆకాశమున కలిసిపోవుచున్నది.

పలనాటి నేల యడుగున పరచుకొనియున్న సున్నపురాతి పొరలను భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు శ్రేణిలో చేర్చి, నార్జి సున్నపురాయి యని వ్యవహరింతురు. విలియం కింగు అను శాస్త్రజ్ఞుడు కడప కర్నూలు శిలలను గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథము నాటినుండియు ఈ రాతి ప్రశస్తి పండితలోకమునకు తెలిసినదే. ఇంటి ముంగిట పరచు నాపరాయి యిదే. ముగ్గుపిండికై మరపట్టు రాయియు దీని బంధువే. సిమెంటు కర్మాగారములను ఈ సీమకు రప్పించినదియు ఇదే. అంతకన్న ఘనమైన చరిత్ర దీనికి గలదు. అమరావతిలోను నాగార్జునకొండలోను రెండువేల యేండ్లకు పూర్వము మొదలుకొని శిల్పులు బుద్ధదేవుని జీవితగాథలను చెక్కుటకు ఎంచుకొన్నది ఈ పలనాటి సున్నపురాతినే. 18వ శతాబ్ది చివర అమరావతి మహాస్తూపము బయల్పడినప్పుడు, దాని విలువ నెరుగనివారు కొన్ని ఫలకములను కట్టడములకు తరలించుటయు, కొన్నిటిని సున్నమునకై కాల్చివేయుటయు జరిగినది. ఆ మాట తలంపునకు వచ్చినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును. ఐనను ఆ విషాద వృత్తాంతములోనే మన ప్రస్తుత విషయమునకు మూలము కలదు: ఇంత గట్టి రాయి నిప్పులో పడి సున్నముగా మారునప్పుడు దానిలోనుండి పోయిన దేమి?

దీనికి సమాధానము చెప్పినవాడు జోసెఫ్ బ్లాక్. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించిన ఈ మేధావి, 1756లో ప్రకటించిన తన పరిశోధనలో, సున్నపురాయి కాలినప్పుడు దాని బరువు తగ్గుననియు, ఆ తగ్గిన బరువు ఒక వాయువు రూపమున వెలువడిపోవుననియు, త్రాసు చేతబట్టి నిరూపించెను. రాతిలో బంధింపబడియున్న ఆ వాయువునే మన పెద్దలు బొగ్గుపులుసు వాయువనిరి. నేటి విద్యార్థులు కార్బన్ డయాక్సైడందురు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చినచో 56 కిలోల గుల్ల సున్నము చేతికి వచ్చును. 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఇది రాతిలోనుండి వచ్చినది మాత్రమే. రాతిని కాల్చుటకు వేసిన బొగ్గు మండుటవలన పుట్టునది దీనికి అదనము. ఈ మార్పు ముగియుటకు సుమారు 900 డిగ్రీల వేడిమి కావలెను గనుక, బట్టీలో రాతిని బొగ్గును వరుసలు వరుసలుగా పేర్చి, నిప్పు ఆరకుండ కాపాడుట తరతరములుగా వచ్చుచున్న పని.

ఇక్కడ బట్టీ పనివారి క్షేమమును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు సాగజాలను. బొగ్గుపులుసు వాయువు గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువైనది; గాలి కదలని వేళ అది పల్లపు చోట్లను, గుంటలను ఆశ్రయించి నిలిచియుండును. రంగును వాసనయు లేని దగుటచే దాని ఉనికి తెలియదు. బొగ్గు సరిగా మండని తావున దానితో గూడి వచ్చు కార్బన్ మోనాక్సైడు ఇంతకంటెను ప్రాణాంతకము. చలికాలపు రాత్రులలో వెచ్చదనమునకై బట్టీ అంచున పరుండుట అత్యంత ప్రమాదకరము. యజమానులు దీనిని తెలిసికొని పనివారికి వేరుచోట వసతి కల్పింపవలెను.

గుల్ల సున్నముపై నీరు చల్లినంతనే అది బుసబుస పొంగి, వేడెక్కి, విరిసి, మెత్తని పొడి యగును. ఆ పొడిని నీట గలిపి నిలువయుంచినచో పైన తేరుకొను స్వచ్ఛజలమే సున్నపు తేట. ఈ తేటను ఒక గాజు గ్లాసులో పోసి, సన్నని గొట్టముతో మెల్లగా లోనికి ఊపిరి నూదుడు. నీటిని లోనికి పీల్చరాదు సుమా, చిన్నపిల్లలు చేయునప్పుడు పెద్దలు దగ్గరనుండవలెను. కొలది క్షణములలో తేట పాలవలె తెల్లబారును. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి తిరిగి సున్నపురాతి సూక్ష్మరేణువులుగా మారుటయే దీనికి కారణము. బట్టీలో విడిపోయిన రెండు పదార్థములు గ్లాసులో మరల ఒకటియైనవి. ఈ గ్లాసు, శ్రోతలారా, సంపూర్ణమైన వాయుద్రవ రియాక్టరు. క్రింద వాయువు ప్రవేశించుచున్నది, ద్రవములో బుడగలై పైకి వచ్చుచున్నది, ఆ లేచు త్రోవలో చర్య జరుగుచున్నది. కర్మాగారములలో నలువది అడుగుల ఎత్తున నిలుచు ఉక్కు స్తంభములలో జరుగునదియు మూలమున ఇంతకన్న వేరుకాదు.

ఐనచో ఇందు శాస్త్రమేమున్నదని అడుగవచ్చును. ఉన్నది. సంక్రాంతికి ముందు గోడలకు వేసిన వెల్ల గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చియే గట్టిపడును. తాంబూలపు సున్నపుకాయలో మూత సరిగా పెట్టనప్పుడు పై పొర రాయివలె బిగియుటయు దీనివలననే. పలుచని వెల్లకు దినములు పట్టును. గానుగ పట్టించిన డంగు సున్నముతో కట్టిన మందపు గోడ లోలోపల రాయిగా మారుటకు సంవత్సరములు పట్టును. అదే చర్య గ్లాసులో క్షణములలో జరిగినది. కర్మాగారమున టన్నులకొలది సున్నమును కొలది గంటలలో మార్పవలెను. పదార్థములు అవే, సంయోగము అదే. భేదమంతయు ఆ రెండును ఒకదాని నొకటి ఎంత విరివిగా, ఎంత త్వరితముగా తాకగలవను దానిలో నున్నది. ఈ తాకిడిని సాధించు విద్యయే నేటి మన విషయము.

ఈ సత్యమును లోకమునకు నేర్పిన చరిత్ర ఒకటి కలదు. అదియు సున్నపు బట్టీతో ముడిపడినదే. గాజునకును, సబ్బునకును, బట్టల పరిశ్రమకును అవసరమైన సోడాను ఉప్పునుండి తయారుచేయవచ్చుననియు, అమోనియా కలిపిన ఉప్పునీటిలోనికి బొగ్గుపులుసు వాయువును పంపుటయే దాని మార్గమనియు 1811లోనే ఫ్రాన్సు దేశమున ఫ్రెనెల్ కనుగొనెను. చర్య తెలిసినది, పదార్థములు చౌక. అయినను తరువాతి అర్ధశతాబ్దములో ఎందరో ధనవంతులు, ఎందరో పండితులు దీనిని పరిశ్రమగా నిలుపబూని నష్టపోయిరి. బెల్జియములో, విశ్వవిద్యాలయపు చదువు లేని ఎర్నెస్ట్ సాల్వే అను యువకుడు, తన బంధువు నడుపు గ్యాసు కర్మాగారమున పనిచేయుచు, 1861లో ఈ చర్యనే స్వయముగా కనుగొని, పూర్వులు దీనిని ముందే కనుగొనిరని పిదప తెలిసికొనెను. కాని పూర్వులకు దొరకని దొకటి ఆయనకు దొరకెను. అది గోపురము. ఎత్తైన గోపురములో అంతస్తులవారీగా చిల్లుల పళ్ళెములు అమర్చి, పైనుండి అమోనియా కలిపిన ఉప్పునీటిని దింపుచు, క్రిందినుండి వాయువును ఎక్కించుచు, ప్రతి పళ్ళెముపైనను వాయువు బుడగలుగా చీలి ద్రవములో చొచ్చుకొని పోవునట్లు చేసి, దిగు ద్రవమునకు ఎక్కు వాయువునకు ఎడతెగని సమాగమము నాయన కల్పించెను. సున్నపు బట్టీలో పుట్టిన వాయువు ఆ గోపురమునకు పోయినది. అదే బట్టీలోని సున్నము అమోనియాను తిరిగి రాబట్టుటకు ఉపకరించినది. బట్టీ ఇచ్చిన రెండింటిలో ఏదియు వ్యర్థము కాలేదు. మన దేశమున గుజరాతులోని మీఠాపురమునందు 1939లో స్థాపితమైన టాటా వారి సోడా పరిశ్రమయు ఈ మార్గమున నడచినదే. ఏబది సంవత్సరములు చర్య తెలిసియుండియు పరిశ్రమ పుట్టకపోవుటకు కారణము రసాయనశాస్త్రజ్ఞానపు కొరత కాదు, సంపర్కసాధనపు కొరత యని నా దృఢవిశ్వాసము.

సాల్వే అనుభవముతో సాధించిన దానికి సిద్ధాంతము తరువాత వచ్చినది. వాయువు ద్రవములో ఎంత కరగునను ప్రశ్నకు మాంచెస్టరు వాసియైన విలియం హెన్రీ 1803లోనే నియమము చెప్పియుండెను: ద్రవముపై ఆ వాయువు పీడనమెంతయో, కరగు మోతాదు అంత. 25 డిగ్రీల వేడిమిలో, ద్రవముపై స్వచ్ఛమైన బొగ్గుపులుసు వాయువే వాతావరణ పీడనముతో నిండియున్నచో, లీటరు నీటిలో అది సుమారు 1.5 గ్రాములు కరగును. మనము పీల్చు గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే ఈ వాయువుండును గనుక, ఆ గాలి సోకిన నీటిలో కరగునది మిల్లీగ్రాములోపలనే. గోడపై వెల్ల నెమ్మదిగా గట్టిపడుటకు ఇదొక కారణము. చక్కగా నడచు సోడా కర్మాగారపు బట్టీ వాయువులో నూటికి నలువది పాళ్ల వరకు బొగ్గుపులుసు వాయువుండును. అనగా వాయుమండలముకన్న ఇంచుమించు వేయిరెట్లు చిక్కనిది.

ఎంత కరగునో తెలిసినంత మాత్రమున ఎంత వేగముగా కరగునో తెలియదు. 1923లో విట్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒంటరిగాను, మరుసటి యేట లూయిస్ అను మసాచుసెట్స్ ఆచార్యునితో గూడియు, ఈ వేగమునకు ఒక సరళమైన రూపకల్పన చేసెను. వాయువును ద్రవమును కలియు హద్దునకు ఇరువైపుల చెరియొక పలుచని నిశ్చలమైన పొర యుండునట్లు వారు భావించిరి; వాయుకణము ముందు వాయువువైపు పొరను దాటి, హద్దులో కరగి, పిదప ద్రవమువైపు పొరను దాటి లోపలికి పోవలెను. గుంటూరు మిరప యార్డులోనికి పోవు దారిలో వరుసగా రెండు వాకిళ్లున్నవనుకొందము. ఒకటి వెడల్పైనది, మరియొకటి ఇరుకైనది. దినమున కెన్ని బస్తాలు లోపలికి చేరునో నిర్ణయించునది ఇరుకు వాకిలియే. వెడల్పు వాకిలిని ఇంకను వెడల్పు చేయుటకు పెట్టిన ధనము వృథా. వాయుద్రవ సంపర్కమునకును ఇదే న్యాయము. అమోనియా నీటిలో అపారముగా కరగును గనుక దానికి ద్రవపు పొర అడ్డు కాదు, వాయువు పొరయే ఇరుకు. బొగ్గుపులుసు వాయువు అల్పముగా కరగును. పైగా నీటిలో దాని కణము వ్యాపించు వేగము గాలిలోని వేగమున సుమారు పదివేలవ వంతు. కనుక దానికి ద్రవపు పొరయే ఇరుకు వాకిలి. ఏ పొర ఇరుకో గ్రహించిన పిదపనే ఇంజనీరు తన పాత్రను ఎంచుకొనవలెను. ఈ వివేచన లేక కట్టిన యంత్రములు ఎంత పెద్దవైనను మందకొడిగానే పనిచేయును.

ఈ పొరలోనే చర్య జరిగినచో ఏమగును? ద్రవములో క్షారమో సున్నమో ఉన్నప్పుడు, వాయుకణము పొరను పూర్తిగా దాటకమునుపే దానిని ద్రవములోని పదార్థము ఎదుర్కొని పట్టుకొనును. పట్టుకొన్నకొలది వెనుక కణములకు త్రోవ సుగమమై శోషణవేగము హెచ్చును. ఎంత హెచ్చునో లెక్కించు మార్గము జపాను దేశపు తొహోకు విశ్వవిద్యాలయమున హట్టా అను శాస్త్రజ్ఞుడు చూపెను. నేటికిని ఆ లెక్కకు ఆయన పేరే నిలిచియున్నది. నిజమునకు పొర నిశ్చలమైనది కాదనియు, ద్రవపు ముఖము క్షణక్షణము నూతనమగుచుండుననియు 1951లో పీటర్ డాంక్‌వర్ట్స్ ప్రతిపాదించెను. యుద్ధకాలమున లండనుపై పడిన పేలని మందుపాతరలను నిర్భయముగా నిర్వీర్యము చేసి జార్జి క్రాసు పతకము పొందిన వీరుడీయన. ఈయన యొద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1964లో డాక్టరేటు పొందిన మన్‌మోహన్ శర్మ, బొంబాయి రసాయన సాంకేతిక శాఖలో ఆచార్యుడై, వాయుద్రవ చర్యలను గూర్చి మన దేశమున ఒక సంప్రదాయమునే నెలకొల్పి, 1990లో రాయల్ సొసైటీ సభ్యత్వమును గడించెను. ఆ గౌరవమందిన మొదటి భారతీయ రసాయన ఇంజనీరు ఆయనయే. ఈ శాస్త్రము పరాయిదని మనము జంకనవసరము లేదు.

ఇక సంపర్కతలమును గూర్చి. ఒక లీటరు వాయువును ఒకే పెద్ద బుడగగా ఊహించినచో దాని ఉపరితలము 480 చదరపు సెంటీమీటర్లకు కొంచెము మించును. ఒక చిన్న తువ్వాలునకు చాలదు. ఆ లీటరునే రెండు మిల్లీమీటర్ల వ్యాసముగల బుడగలుగా విభజించినచో ఉపరితలము మూడు చదరపు మీటర్లగును. వాయువు పెరుగలేదు, ద్రవము మారలేదు. తాకు తలము అరువది రెట్లు హెచ్చినది. రియాక్టరు నిర్మాణములో కనబడు సంక్లిష్టత యంతయు ఈ ఒక్క లాభమును గడించుటకును, గడించిన దానిని నిలుపుకొనుటకును ఉద్దేశింపబడినదే. ఏలయనగా బుడగలు ఒకదానితో నొకటి కలిసి మరల పెద్దవగుటకు ఎప్పుడును సిద్ధముగా నుండును. పెద్ద బుడగ వేగముగా పైకి పోయి, చేయవలసిన పని చేయకయే వెలువడిపోవును. కొలది మిల్లీమీటర్ల బుడగ నీటిలో సెకనుకు ఇరువది ఇరువదియైదు సెంటీమీటర్ల చొప్పున లేచును గనుక, అయిదు మీటర్ల లోతు ద్రవములో దాని జీవితకాలము అర నిమిషమునకు లోపలనే. ఆ స్వల్పకాలములో అది తన వాయువును ద్రవమునకు అప్పగింపవలెను.

ఈ ప్రయోజనము సాధించుటకు మార్గములు పలువిధములు. చర్య నెమ్మదియైనదై ద్రవము విస్తారముగా కావలసినచోట బుడగల స్తంభము తగును: ఎత్తైన పాత్ర, అడుగున చిల్లుల గొట్టము, మధ్య ఏ అడ్డును లేదు. వాయువు కరగుట కష్టమైనచోట పాత్రలో త్రిప్పుడు చక్రమును అమర్చి బుడగలను చితుకగొట్టి చల్లుదురు; ఇందు విద్యుత్తు వ్యయము హెచ్చు. చర్య మిక్కిలి త్వరితమైనదై పొరలోనే ముగియునప్పుడు లోతైన ద్రవముతో పనిలేదు, తలము చాలును. అట్టి తావున గోపురము నిండ పింగాణీ ఉంగరములు పోసి, వాని ముఖములపై ద్రవము పలుచగా జారుచుండగా సందులలో వాయువును పైకి పంపుదురు. కాని సున్నపు నీటివలె రేణువులతో చిక్కగా నుండు ద్రవము ఈ ఉంగరముల సందులలో పేరుకొని రాయి గట్టి దారి మూసివేయును. అందుచేత సున్నముతో పనిచేయువారు లోపల ఖాళీగా నుండు తుంపర గోపురమునో, బుడగల పాత్రనో ఆశ్రయింపక తప్పదు. పుస్తకములో ఎంత ఘనముగా వర్ణింపబడిన సాధనమైనను, ద్రవములో బురద యున్నదా లేదా యను ప్రశ్న ముందు తల వంచవలసినదే.

ఇప్పుడు మన సున్నముతోనే నడచు ఒక పాత్రను దర్శింతము. గుల్ల సున్నమును నీటితో విరిసి, చిక్కని తెల్లని ద్రవము చేసి, జల్లెడపట్టి, కాలని రాతి ముక్కలను ఇసుకను తొలగింతురు. బట్టీనుండి గైకొన్న వాయువును చల్లార్చి, నీటితో కడిగి బూడిదను మసిని పోగొట్టి, బ్లోయరుతో ఒత్తిడి పెంచి పాత్ర అడుగునకు పంపుదురు. పది మీటర్ల నీటి ఎత్తు ఇంచుమించు ఒక వాతావరణపు ఒత్తిడికి సమానము గనుక పాత్ర ఎంత లోతైనదో కరెంటు ఖర్చు అంత పెరుగును. లోతు పెంచి శోషణము హెచ్చింపవలెనా, లోతు తగ్గించి వ్యయము తగ్గింపవలెనా యనునది ప్రతి నిర్మాతను వేధించు సమస్య. సున్నము నీటిలో లీటరునకు రెండు గ్రాములైనను కరుగదు. అయినను కరగిన కొలది సున్నము వాయువుతో కలిసి ఖర్చగుచుండగా, తేలియాడు రేణువులనుండి మరికొంత కరగి ఆ లోటును పూడ్చుచుండును. ఒకవైపు వాయువు కరుగుట, మరియొకవైపు ఘనరేణువు కరుగుట, నడుమ రెండింటి సంయోగము, దాని ఫలితముగా క్రొత్త స్ఫటికములు పుట్టుట: ఇన్నియు ఒకే పాత్రలో ఒకే వేళ జరుగుచుండును. నూరు గ్రాముల సున్నము గల లీటరు ద్రవము పూర్తిగా మారునప్పుడు పుట్టు వేడిని చల్లార్చక లోననే విడిచినచో ద్రవపు ఉష్ణోగ్రత ముప్పది డిగ్రీలకు మించి పెరుగును. ఈ వేడిని ఎట్లు అదుపుచేయుదురో దానినిబట్టియే స్ఫటికముల ఆకారము మారును. చల్లగా నడపిన నొక రూపము, వేడిగా నడపిన సూదులవంటి మరియొక రూపము. కాగితమునకు నునుపుదనము, రంగులకు తెలుపు, పండ్లపొడికి మృదుత్వము, మందుబిళ్లలకు ఆధారము ఈ సూక్ష్మచూర్ణమే.

చర్య ముగిసిన దని తెలియుట ఎట్లు? సున్నము మిగిలియున్నంతసేపు ద్రవపు క్షారగుణము, విద్యార్థుల లెక్కలో పి.హెచ్. 12కు పైగా, ఇంచుమించు కదలక నిలిచియుండును. రేణువులు నిండుకొన్న క్షణమున అది దభాలున దిగజారును. ఫినాఫ్తలీన్ చుక్కలు వేసినచో గులాబీ రంగు విరిగిపోవుటవలన కంటికే తెలియును. ఆ క్షణమున వాయువును ఆపవలెను. ఆపక ఇంకను పంపినచో పుట్టిన తెల్లని చూర్ణము బైకార్బొనేటుగా మారి మరల కరుగసాగును. సున్నపు తేటలో ఊపిరి నూదుచునే యున్న బాలుడు, పాలవలె తెల్లబారిన నీరు తిరిగి తేరుకొనుట చూచి ఆశ్చర్యపడుట ఇందువలననే.

వాయుద్రవ సంపర్కము మన తెలుగుసీమలో సున్నముతో మాత్రమే ముడిపడిన దని భ్రమింపరాదు. చక్కెర కర్మాగారములలో చెరకురసమునకు సున్నము కలిపి, గంధకము కాల్చిన వాయువును అందు పంపి, మలినములను దింపి తెల్లని పంచదార తీయుదురు. మన దేశపు మిల్లులలో అధికభాగము అవలంబించు పద్ధతి యిదే. ప్రత్తిగింజల నూనెలో నికెలు పొడి సహాయమున ఉదజని వాయువును పట్టించి వనస్పతిగా గడ్డకట్టించు విద్యకు విల్‌హెల్మ్ నార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1902లో పేటెంటు పొందెను. అట్లు గట్టిపడిన కొవ్వులలో పుట్టు ట్రాన్స్ కొవ్వు గుండెకు హాని చేయునని పిదప తేలినది గాని, రియాక్టరు నిర్మాణమునకు ఆ పరిశ్రమ నేర్పిన పాఠములు మరువరానివి.

సున్నపురాయికి నేడు మరియొక గొప్ప కర్తవ్యము లభించినది. బొగ్గులోని గంధకము మండి సల్ఫర్ డయాక్సైడను ఘాటైన వాయువగును. అది ఊపిరితిత్తులకును పైరునకును శత్రువు. లండనులోని బాటర్సీ విద్యుత్కేంద్రమున 1930 దశకములోనే ఈ పొగను నీటితో కడుగుట ప్రారంభించిరి. నేటి పద్ధతిలో మెత్తగా నూరిన సున్నపురాతి పొడిని నీట కలిపి, బృహత్తరమైన తుంపర గోపురములో పైనుండి వర్షింపజేయుదురు. క్రిందినుండి లేచు పొగలోని విషవాయువును ఆ తుంపరలు పట్టుకొనును. అడుగున చేరిన ద్రవములో గాలి పంపగా జిప్సము స్ఫటికములు పుట్టును. 64 కిలోల విషవాయువునకు 100 కిలోల సున్నపురాయి ఖర్చగును, 172 కిలోల జిప్సము దొరకును. సిమెంటు త్వరగా గడ్డకట్టకుండ కలుపు పదార్థము ఈ జిప్సమే గనుక, పలనాటినుండి పోయిన రాయి పలనాటి సిమెంటు మిల్లులకే మరియొక రూపమున తిరిగి రాదగినది. మన కేంద్రప్రభుత్వము 2015 డిసెంబరులో థర్మల్ విద్యుత్కేంద్రములకు ఈ వాయువు విషయమై హద్దులు విధించినది. గడువులు పలుమార్లు పొడిగింపబడి, 2025లో అధికభాగము కేంద్రములకు ఈ గోపురముల నిర్బంధము సడలింపబడినది. మన బొగ్గులో గంధకము తక్కువ యను వాదము నే నెరుగుదును. ఐనను విద్యుత్కేంద్రపు నీడలో జీవించు ప్రజల ఊపిరిని దృష్టిలో నుంచుకొన్నచో ఆ సడలింపు నాకు సమ్మతము కాదు.

మరల మన బట్టీల కడకు వత్తము. పలనాటి సున్నము సున్నముగానే అమ్ముడుపోవుచున్నది. దానితో పుట్టిన వాయువు పొగయై పోవుచున్నది. సాల్వే కర్మాగారమున ఒకే బట్టీ రెండు వస్తువులను ఇచ్చినది. మనకు ఒకటియే ఇచ్చుచున్నది. ఆ పొగలోని వాయువును అదే సున్నముతో ఒక పాత్రలో మరల కలిపి సూక్ష్మచూర్ణముగా చేసినచో, రాతిలోనుండి పోయిన 44 పాళ్లును తిరిగి పట్టుబడుటయే గాక, సున్నముకంటె విలువైన వస్తువు తయారగును. బొగ్గువలన పుట్టిన వాయువు దీనితో తీరదు, దానికి వేరు ఉపాయము వెదుకవలెను. ఈ విషయమున అత్యుక్తులకు నేను పాల్పడను. ఆటంకములును ఉన్నవి. పైకి తెరచియుండు నాటుబట్టీలో గాలి విచ్చలవిడిగా చొరబడుటచే వాయువు పలుచబడును. అందు మసి, బూడిద, గంధకపు వాసన ఉండును. రాతిలో మట్టి, ఇనుము హెచ్చినచో చూర్ణపు తెలుపు చెడును. ఒక్క చిన్న బట్టీ యజమాని ఇంత యంత్రసామగ్రిని కూర్చుకొనలేడు. పదిమంది కూడి సహకార పద్ధతిని పూనుకొనవలెను. ఇవన్నియు పరిష్కరింపదగిన చిక్కులే. ఏబది సంవత్సరములు ఐరోపా పండితులను ఓడించిన చిక్కులతో పోల్చినచో ఇవి కొండంతవి కావు.

కావున బట్టీ యజమానులకు నా మనవి ఇది. మొట్టమొదట లక్షలు వెచ్చింప పనిలేదు. సమీపమున నున్న ఇంజనీరింగు కళాశాల రసాయన శాఖవారిని పిలిపించి, మీ బట్టీ పొగలో బొగ్గుపులుసు వాయువు నూటికెన్ని పాళ్లున్నదో, ఉదయమెంత, రాత్రి యెంత, రాతిని క్రొత్తగా నింపినప్పుడెంతయో కొలిపించుడు. బట్టీ నోటికి మూత అమర్చి గాలిని అదుపుచేసినచో ఆ పాలు ఎంత పెరుగునో చూడుడు. రసాయన ఇంజనీరింగు చదువు విద్యార్థులారా, మీ చివరి సంవత్సరపు ప్రాజెక్టునకు విదేశీ పత్రికలలో విషయము వెదకుటకు ముందు, ఒక డ్రమ్ము, ఒక బ్లోయరు, చిల్లులు వేసిన ఒక గొట్టము తీసికొని దాచేపల్లికి రండు. ఇక్కడి సున్నము, ఇక్కడి పొగ మీ కొరకు ఎదురుచూచుచున్నవి. ఆ రెంటిని కలిపి, ఎంత కాలములో ఎంత చూర్ణము వచ్చినదో వ్రాసి, ఆ లెక్కను బట్టీవారి చేతిలో పెట్టుడు.